టెక్ సందేహాలు: షాట్ రెడీ, డ్రోన్ మాత్రం కాలేదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సినిమా యూనిట్ల నుంచి వచ్చినవే ఎక్కువ. అందరి ఫిర్యాదూ డ్రోన్ మీదే. తీరా చదివితే చాలా చోట్ల తప్పు దాని చుట్టూ మనం పేర్చిన సామానుది, మనం పడే తొందరది.

● ఇంటి దగ్గర మైదానంలో చక్కగా ఎగిరే డ్రోన్ సెట్‌కు తీసుకెళ్లగానే కంపాస్ లోపమంటూ మొరాయిస్తోంది. అక్కడే రెండుమూడుసార్లు కంపాస్‌ను క్యాలిబ్రేట్ చేశాను (దిక్కులు సరిచూసి సర్దాను). ఆ తర్వాత గాల్లోకి లేచింది గానీ ఒకచోట నిలవకుండా గుండ్రంగా తిరిగింది. కొత్తది కొనాలా?
– డ్రోన్ ఆపరేటర్, మణికొండ

కొనకండి. ఎక్కడి నుంచి ఎగరేస్తున్నారో ముందు చూడండి. డ్రోన్‌లోని కంపాస్ చదివేది భూమి అయస్కాంత క్షేత్రాన్ని. అది చాలా బలహీనమైనది. పక్కనే జనరేటర్ వ్యాను, ట్రాలీ పట్టాలు, క్రేన్ వెనక వేలాడే ఇనుప బరువులు, లైట్లకు వెళ్లే లావుపాటి కేబుళ్లు ఉంటే పాపం దానికి ఉత్తరం ఎటో ఎలా తెలుస్తుంది? మేడ మీద నుంచి లేపినా ఇదే బాధ. స్లాబు నిండా ఇనుప చువ్వలే. వ్యాను టాపు మీద పెట్టి లేపేవారినీ చూశాను. వారికి దండం పెట్టడం తప్ప నేను చెప్పగలిగింది లేదు.

మీరు చేసిన అసలు పొరపాటు అక్కడే క్యాలిబ్రేట్ చేయడం. జనరేటర్ పక్కన ఆ పని చేస్తే, చెడిన దిక్కునే సరైన దిక్కుగా దానికి నేర్పినట్టు. గుండ్రంగా తిరిగింది అందుకే. తాను ఎక్కడ ఉన్నదీ డ్రోన్‌కు జీపీఎస్ చెబుతుంది, ముఖం ఎటు ఉన్నదీ కంపాస్ చెబుతుంది. గాలికి కాస్త జరిగిన డ్రోన్ తిరిగి తన చోటికి రావాలని చూస్తుంది. ముఖం ఎటుందో తప్పుగా తెలిస్తే వెనక్కి రావాల్సింది పక్కకు పోతుంది. దాన్ని సర్దుకోబోయి మరో పక్కకు పోతుంది. వలయం రానురాను పెద్దదవుతుంది.

సామాను దించిన చోటుకు దూరంగా మట్టి నేల వెతికి, జేబులోని ఫోను, తాళాలు తీసి పక్కన పెట్టి, అక్కడ క్యాలిబ్రేట్ చేసి అక్కడి నుంచే లేపండి. గాల్లో ఉండగా తిరగడం మొదలుపెడితే జనానికి, ఇనుముకు దూరంగా తీసుకెళ్లండి. మీ డ్రోన్‌లో జీపీఎస్ లేకుండా చేత్తో నడిపే మోడ్ ఉంటే అందులోకి మార్చండి. అప్పుడు గాలి ఎటు వీస్తే అటు కొట్టుకుపోతుంది, అదుపంతా మీ వేళ్లదే. అందుకని ఆ సాధన ముందే సెలవు రోజున ఖాళీ మైదానంలో చేసి ఉండాలి.

● డ్రోన్ షాట్ మొదలైన ప్రతిసారీ దర్శకుడి మానిటర్‌లో బొమ్మ ముక్కలవుతోంది. డ్రోన్ దూరంగా కూడా ఏమీ వెళ్లదు.
– ఫోకస్ పుల్లర్, కూకట్‌పల్లి

డ్రోన్లు చాలావరకు 2.4, 5.8 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యాల మీద బొమ్మను కిందికి పంపుతాయి. మెయిన్ కెమెరా నుంచి మానిటర్లకు వెళ్లే వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్లు సాధారణంగా 5 గిగాహెర్ట్జ్ పరిసరాల్లోనే ఉంటాయి. మీ చేతిలోని వైర్‌లెస్ ఫోకస్ 2.4లో ఉండి ఉండవచ్చు. ఇక యూనిట్లో ప్రతి ఒక్కరి ఫోనులో హాట్‌స్పాట్ సరేసరి. ఏ పరికరం ఏ ఛానల్‌లో ఉందో ఒక కాగితం మీద రాసి, డ్రోన్‌కు ఖాళీ ఛానల్‌ను చేత్తో ఎంచి పెట్టండి. డ్రోన్ షాట్ జరిగేంతసేపు అక్కర్లేని ట్రాన్స్‌మిటర్లు ఆపించండి. ఆపరేటర్ మానిటర్ టెంటులో జనం మధ్య నిలబడకూడదు. మనిషి ఒంట్లోని నీరు కూడా ఈ సంకేతాలను పీల్చేస్తుంది. రిమోట్ యాంటెన్నా కొసను డ్రోన్ వైపు గురిపెడతారు చాలామంది. కొస వైపు సంకేతం అన్నిటికంటే బలహీనం. పలకగా ఉన్న వైపు డ్రోన్‌ను చూడాలి.

● పాపికొండల దగ్గర గోదావరిలో లాంచీ మీద పాట తీయబోతున్నాం. డ్రోన్ లాంచీ మీద నుంచే లేచి అక్కడే దిగాలంటున్నారు. జాగ్రత్తలు చెప్పగలరా?
– సహాయ దర్శకుడు, రాజమహేంద్రవరం

వీలైతే ఒడ్డున ఇసుక తిన్నె మీద నుంచి లేపండి. డ్రోన్ ఆన్ చేసినప్పుడు గింబల్ (కెమెరాను ఊగకుండా పట్టి ఉంచే మోటారు అమరిక), లోపలి సెన్సర్లు కదలకుండా ఉన్న నేలను ఆధారం చేసుకుని సర్దుకుంటాయి. ఊగే లాంచీ మీద ఆ ఆధారం ఉండదు. పైగా లాంచీ అంతా ఇనుము.

దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. లేచిన చోటును డ్రోన్ తన ఇల్లుగా గుర్తు పెట్టుకుంటుంది. సిగ్నల్ తెగితే అక్కడికే తిరిగి వస్తుంది. ఈలోపు లాంచీ ముందుకు సాగిపోయి ఉంటుంది. బుద్ధిమంతురాలైన మీ డ్రోన్ చెప్పిన మాట జవదాటకుండా, లాంచీ ఒకప్పుడు ఉన్న చోటుకు వచ్చి నది మధ్యలో దిగుతుంది. కాబట్టి ఆ ఇంటి గుర్తును రిమోట్ ఉన్న చోటికి మార్చే వీలు మెనూలో ఉందేమో చూసి, షాట్ షాట్‌కూ మార్చండి. లేదా సిగ్నల్ పోతే ఉన్నచోటే గాల్లో ఆగేలా పెట్టండి. నీటికి దగ్గరగా ఎగిరినప్పుడు అడుగున ఉన్న కెమెరా సెన్సర్లు అలలనూ తళతళలనూ చూసి ఎత్తును తప్పుగా అంచనా వేస్తాయి. నీటిని రాసుకుంటూ పోయే షాట్ కావాలని దర్శకుడు అడిగితే, డ్రోన్ ఖరీదు ఎవరి ఖాతాలో పడుతుందో ప్రొడక్షన్ మేనేజర్‌ను ముందే అడగండి.

● మధ్యాహ్నం తీసిన డ్రోన్ షాట్లలో బొమ్మ జెల్లీలా వణుకుతోంది. సాయంత్రం తీసినవి బాగున్నాయి. గింబల్ పాడైందా?
– కెమెరా అసిస్టెంట్, విజయవాడ

సాయంత్రం బాగున్నాయన్నారు, అందులోనే జవాబు ఉంది. డ్రోన్ కెమెరాల సెన్సర్ చాలావరకు బొమ్మను ఒక్కసారిగా పట్టదు, పై వరుస నుంచి కింది వరుస దాకా చదువుకుంటూ పోతుంది. ఆ లోగా కెమెరా వణికితే వరుసలు ఒకదానికొకటి పొసగవు. షటర్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ వణుకు మసకలో కలిసిపోతుంది. వేగంగా ఉంటే బట్టబయలవుతుంది. లెక్క చూడండి. మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) 2.8 పెడితే షటర్ సుమారు 1/3200 సెకను కావాలి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాకు మనకు కావలసింది 1/50. ఆరు స్టాపుల తేడా. ప్రతి స్టాపుకూ వెలుతురు సగమవుతుంది కాబట్టి ఆరుసార్లు సగం చేసే ఎన్‌డీ 64 ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించే నల్ల అద్దం) అవసరం. ఫిల్టర్‌ను డ్రోన్ ఆన్ చేయకముందే బిగించండి. మీ కెమెరా కోసం చేసిందే వాడండి, బరువైనది పెడితే గింబల్ మోటారు మూలుగుతుంది.

అయితే ఫిల్టర్ వణుకును దాస్తుంది, పోగొట్టదు. డ్రోన్ ఫ్యాన్ రెక్కల అంచు మీద గోరు నడిపించి చూడండి. కంటికి ఆనని చిన్న నొక్కు కూడా గోటికి తగులుతుంది. తగిలిందా, ఆ రెక్కలు పక్కన పడేసి కొత్తవి వేయండి. గింబల్‌ను పట్టి ఉంచే రబ్బరు బొడిపెల్లో ఏదైనా చిరిగిందేమో, ఊడిందేమో చూడండి. నిట్టనిలువుగా వేగంగా కిందికి దించుతుంటే వచ్చే కుదుపు మాత్రం వేరు. డ్రోన్ తాను కిందికి తోసిన గాలిలోకి తానే దిగుతోంది. కాస్త ఏటవాలుగా దించితే పోతుంది.

1/50తో ఇంకో లాభం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీధి దీపాలు, ట్యూబులైట్లు సెకనుకు వందసార్లు మినుకుతాయి. 1/50 దగ్గర ఆ మినుకు బొమ్మలో కనబడదు.

● చెట్టు కొమ్మకు తగిలి డ్రోన్ పడిపోయింది, బ్యాటరీ ఊడింది. ఆ షాట్ ఫైలు కార్డులో కనిపిస్తోంది గానీ తెరుచుకోవడం లేదు. హీరో కాల్షీట్ మళ్లీ దొరకదు. కాపాడండి.
– డేటా చూసే కుర్రాడిని, హైదరాబాద్

ముందుగా ఆ కార్డును ఫార్మాట్ చేయకండి. దాని మీద ఇంకేమీ రికార్డు చేయకండి. కార్డు పెట్టగానే 'స్కాన్ చేసి సరిచేయమంటారా' అని కంప్యూటర్ అడుగుతుంది, వద్దనండి.

వీడియో ఫైలులో బొమ్మల సమాచారం ఒక భాగమైతే, ఏది ఎక్కడుందో చెప్పే సూచిక ఇంకొక భాగం. సూచికను కెమెరా రికార్డింగు ఆపినప్పుడు చివర్లో రాస్తుంది. మధ్యలో బ్యాటరీ ఊడితే బొమ్మలు మిగిలి సూచిక లేకుండా పోతుంది. అంటే అప్పటిదాకా తీసింది చాలావరకు కార్డులో భద్రంగానే ఉంది.

మొదట కార్డు మొత్తానికీ యథాతథంగా ఒక ఇమేజ్ (కార్డులో ఉన్నదంతా ఉన్నట్టే దింపిన నకలు) తీసి పెట్టుకోండి. విడివిడిగా ఫైళ్లు కాపీ చేస్తే సరిపోదు. ఆ తర్వాత కార్డును అదే డ్రోన్‌లో, అది పనిచేసే స్థితిలో ఉంటే, నిండు బ్యాటరీతో పెట్టి ఆన్ చేసి కొన్ని నిమిషాలు కదపకుండా వదిలేయండి. చాలా మోడళ్లు సగంలో ఆగిన ఫైలును గుర్తించి తామే పూర్తి చేస్తాయి. అలా కాకపోతే అన్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి మాదిరిగా ఒక మంచి ఫైలు ఇవ్వాలి. అదే కెమెరాతో, అదే రిజల్యూషన్‌లో, అదే ఫ్రేమ్ రేటులో తీసినదై ఉండాలి. అదే రోజు తీసిన ముందు షాటు చక్కగా సరిపోతుంది. డబ్బు కట్టించుకునే సైట్ల జోలికి ఇవన్నీ అయ్యాకే వెళ్లండి.

● లంబసింగిలో చలికాలం షూటింగ్. హైదరాబాద్ నుంచి విశాఖకు విమానంలో బ్యాటరీలు తీసుకెళ్లవచ్చా? అక్కడ త్వరగా అయిపోతాయంటున్నారు, నిజమేనా?
– ప్రొడక్షన్ అసిస్టెంట్, హైదరాబాద్

తీసుకెళ్లవచ్చు, చేతి సంచిలో మాత్రమే. చెక్-ఇన్ సామానులో విడి బ్యాటరీలు వేయకూడదు. ఒక్కోటి 100 వాట్-అవర్ల లోపు అయితే ఇబ్బంది లేదు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. బ్యాటరీ మీద ఆ అంకె లేకపోతే మిల్లీ ఆంపియర్ అవర్లను వోల్టేజితో గుణించి వెయ్యితో భాగించండి. 5000 మిల్లీ ఆంపియర్ అవర్లు, 15.4 వోల్టులు అయితే 77 వాట్-అవర్లు. బ్యాటరీ లోహపు కొసలకు టేపు వేయండి.

చలి సంగతి నిజమే. చల్లబడిన బ్యాటరీ నుంచి ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజి కుప్పకూలుతుంది. 40 శాతం చూపిస్తున్నది క్షణాల్లో దిగడానికి అదే కారణం. ఎగరేసేదాకా వెచ్చగా ఉంచండి, లేచాక ఒక నిమిషం తక్కువ ఎత్తులో నిలిపి ఆ తర్వాతే పైకి పంపండి. ఉబ్బిన బ్యాటరీని ఎంత అవసరం వచ్చినా ఎగరేయకండి.

● 400 అడుగుల లోపు ఎక్కడైనా అనుమతి అక్కర్లేదటగా?
– వరంగల్ పాఠకుడు

ఎక్కడైనా కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆ వెసులుబాటు గ్రీన్ జోన్‌కే (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతం). విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే అది 200 అడుగులే. హైదరాబాద్‌లో శంషాబాద్ విమానాశ్రయం ఒక్కటే గుర్తు పెట్టుకుంటారు. బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా ఉన్నాయి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ జోన్ల నియమం దానికీ వర్తిస్తుంది. ముందు రోజు చూసిన జోన్ల మ్యాప్‌ను నమ్ముకోకుండా షూటింగ్ ఉదయం మళ్లీ చూడండి. అప్పటికప్పుడు ఒక ప్రాంతాన్ని 96 గంటల వరకు తాత్కాలిక రెడ్ జోన్‌గా (అనుమతి లేకుండా ఎగరేయరాని ప్రాంతంగా) ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉంది.