తొలి పార్సిల్ ఏ తేదీన వెళ్లింది?

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. మా వారికి ఉద్యోగం పోయాక మెడలో గొలుసు తాకట్టు పెట్టి, 2025 జనవరిలో ఇంట్లోనే పూతరేకుల వ్యాపారం మొదలుపెట్టాను. ఇల్లు మా అత్తగారి పేరున ఉంది. ఉద్యమ్ సర్టిఫికెట్టు, ఆహార భద్రత వారి రిజిస్ట్రేషన్ నంబరు రెండూ తీసుకున్నాను. మొత్తం అమ్మకాలు ఇంకా 9 లక్షలు దాటలేదు, శ్రావణం నుంచి చూస్తే 4 లక్షల 20 వేలు. 40 లక్షల లోపు జీఎస్‌టీ అక్కరలేదని అందరూ చెప్పారు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు కూకట్‌పల్లిలో ఒక స్వీటు షాపుకు 20 బాక్సులు కొరియర్లో పంపాను. కార్తీక మాసంలో, నవంబరు 3న, అదే షాపుకు పెద్ద ఆర్డరు వెళ్లింది. ఇప్పుడు జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు ఇస్తేనే ఆ 64 వేలు ఇస్తామంటున్నారు. నలుగురి ముందు ‘దొంగ వ్యాపారం’ అన్నారు. నిద్ర పట్టడం లేదు. హార్డ్‌వేర్ షాపు ఉన్న మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, తన నంబరు మీద బిల్లు ఇస్తానంటున్నారు. మా ట్యాక్స్ ఏజెంటేమో శ్రావణం పార్సిల్ మరిచిపొమ్మని, నవంబరు 3నే మొదటిసారి బయటి రాష్ట్రానికి పంపినట్టు రాసి డిసెంబరు 3 లోపు దరఖాస్తు చేస్తే నంబరు ఆ తేదీ నుంచే అమల్లోకి వస్తుందని, షాపుకు బిల్లు ఇవ్వొచ్చని అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వినకండి. మీ ఉత్తరంలో గొలుసు, ఉద్యోగం, అవమానం గురించి చాలా ఉంది. మీ కేసును తేల్చేది మాత్రం మీరు దారిన పోతూ రాసిన ఒక్క వాక్యం, వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు 20 బాక్సులు పంపాననేది. 2025లో ఆ వ్రతం ఆగస్టు 8, శుక్రవారం. అంటే మీ సరుకు మొదటిసారి రాష్ట్రం దాటింది ఆగస్టు 6న. మీరు రిజిస్ట్రేషన్ తీసుకోవలసిన బాధ్యత పుట్టింది ఆ రోజునే, నవంబరు 3న కాదు.

40 లక్షల మాట అబద్ధం కాదు, సగం నిజం. కేవలం వస్తువులు మాత్రమే అమ్మేవారికి, ఏడాది మొత్తం టర్నోవరు 40 లక్షలు మించనంతవరకు రిజిస్ట్రేషన్ నుంచి 2019 ఏప్రిల్ 1 నుంచి మినహాయింపు ఉంది. ఆంధ్రప్రదేశ్ ఆ మినహాయింపులో ఉంది. తెలంగాణ లేదు, అక్కడ వస్తువుల వ్యాపారికి కూడా పరిమితి 20 లక్షలే, తెలంగాణ పాఠకులు ఈ తేడా గుర్తుంచుకోవాలి. అయితే ఆ మినహాయింపు నోటిఫికేషన్‌లోనే, కేంద్ర వస్తు సేవల పన్ను చట్టం సెక్షన్ 24 కింద తప్పనిసరిగా రిజిస్టరు కావలసినవారికి ఇది వర్తించదని రాసి ఉంది. సెక్షన్ 24లో మొదటి వరుసలోనే నిలబడేవారు, పన్ను ఉన్న సరుకును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మేవారు. వారికి 40 లక్షలు లేవు, 20 లక్షలు లేవు, ఒక్క రూపాయి పరిమితి కూడా లేదు. పూతరేకులు మిఠాయి, వాటి మీద 5 శాతం పన్ను ఉంది. మీ పక్కింటాయన హైదరాబాదుకు కొబ్బరికాయల లోడు పంపితే ఈ బాధ లేదు, ఎందుకంటే కొబ్బరికాయ మీద పన్నే లేదు. చేతిపనుల వస్తువులకు, 20 లక్షల లోపు సేవలకు కూడా వెసులుబాట్లు ఉన్నాయి. మిఠాయికి లేదు.

హైదరాబాదు ‘బయటి రాష్ట్రం’ అంటే గోదావరి జిల్లాల వ్యాపారులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. రాష్ట్రం విడిపోయింది 2014 జూన్ 2న. పదేళ్లపాటు హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉన్న మాట నిజమే గానీ, పన్ను లెక్కలో ఉమ్మడి అనేది ఏనాడూ లేదు. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు చూడండి, మనకు 37, తెలంగాణకు 36. అంతకంటే దగ్గరి ఉదాహరణ యానాం. కాకినాడ నుంచి గంటలో చేరే ఊరే అయినా అది పుదుచ్చేరిలో భాగం, కోడు 34. యానాం దుకాణానికి పది బాక్సులు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. మీ గడప దగ్గరకు వచ్చి, డబ్బిచ్చి, సంచిలో పెట్టుకుపోయే కొనుగోలుదారు సంగతి వేరు. మీరు షాపు పేరు, ‘కూకట్‌పల్లి, హైదరాబాద్’ అని బిల్లు మీద రాసి కొరియర్ కట్టిన సరుకు సంగతి వేరు.

ఇక గడువు. బాధ్యత పుట్టిన రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు చేయాలని సెక్షన్ 25 చెబుతోంది. ఆ లోపల చేసినవారికి, నంబరు ఎప్పుడు చేతికి వచ్చినా, రిజిస్ట్రేషన్ బాధ్యత పుట్టిన తేదీ నుంచే అమల్లోకి వస్తుంది. మధ్యలో ఇచ్చిన మామూలు బిల్లుల స్థానంలో, సర్టిఫికెట్టు వచ్చిన నెల రోజుల్లోపు సవరించిన పన్ను బిల్లులు ఇవ్వవచ్చు. చేతిలో ఉన్న సరుకు మీద కట్టిన పన్నును తిరిగి లెక్కలో వేసుకోవచ్చు. మీ 30 రోజులు సెప్టెంబరు 5తో అయిపోయాయి. గడువు దాటాక చేసినవారికి రిజిస్ట్రేషన్ మంజూరైన తేదీ నుంచే అమలు. కాబట్టి నవంబరు 3న వెళ్లిన సరుకుకు కూకట్‌పల్లి షాపు అడుగుతున్న పన్ను బిల్లు ఇవ్వడం ఇక చట్టప్రకారం ఎవరివల్లా కాదు. ఆగస్టుకు ముందు కొని నిల్వ ఉంచిన నెయ్యి డబ్బాల మీద, అప్పటి 12 శాతం లెక్కన మీరు కట్టిన పన్ను కూడా పోయినట్టే. ఆగస్టు 6 నుంచి మీరు అమ్మిన ప్రతి బాక్సు మీద, ఊళ్లో అమ్మిన వాటితో సహా, పన్ను కట్టే బాధ్యత మాత్రం మీ నెత్తిన అలాగే ఉంది.

మీ ఏజెంటుకు చట్టం తెలియక కాదు, తెలిసే ఆ తేదీ చెప్పాడు. తేదీ ఒక్కటి జరిపితే పైన చెప్పిన తలుపులన్నీ తెరుచుకుంటాయి, అందుకే అది అంత ఆకర్షణీయంగా ఉంది. ఆ పని చేయవద్దు. దరఖాస్తు ఫారంలో ‘రిజిస్ట్రేషన్ బాధ్యత ఏర్పడిన తేదీ’ అనే గడి ఉంటుంది, చివర అందులోని వివరాలన్నీ నిజమని మీరు ధ్రువీకరిస్తారు, మీ ఆధార్‌తో. ఏజెంటు సంతకం ఎక్కడా ఉండదు. ఇప్పుడు సాక్ష్యం ఎక్కడుందో ఆలోచించండి. ఆగస్టు 6 నాటి కార్బన్ కాపీ మీ బిల్లు పుస్తకంలో ఉంది, దాన్ని చించేయగలమని మీ ఏజెంటు అనవచ్చు. కానీ ఆ బిల్లు అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంది? ఎవరితో మీరు 64 వేల కోసం తగాదా పడుతున్నారో, ఆ షాపు యజమాని గల్లాపెట్టెలో ఉంది. కొరియర్ రసీదు కొరియర్ వారి లెక్కల్లో ఉంది. ఆ 20 బాక్సుల డబ్బు ఫోన్‌పే ద్వారా వచ్చి ఉంటే అది బ్యాంకు దగ్గర ఉంది. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ చిన్న దుకాణదారులకు యూపీఐ లెక్కలు చూసే నోటీసులు ఇచ్చింది. బాకీ తగాదా ముదిరిన రోజున ఆ షాపు యజమాని తీసి చూపించే మొదటి కాగితం ఆ శ్రావణం బిల్లే అవుతుంది.

అప్పుడేమవుతుంది? రిజిస్ట్రేషన్ వివరాల్లో అబద్ధం చెప్పినందుకు సెక్షన్ 122 కింద జరిమానా. వాస్తవం దాచి పొందిన రిజిస్ట్రేషన్‌ను సెక్షన్ 29 కింద వెనకటి తేదీ నుంచి కూడా రద్దు చేయవచ్చు; చేస్తే మీ బిల్లుల మీద పన్ను జమ (కొన్న సరుకు మీద ఇచ్చిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకోవడం) తీసుకున్న ప్రతి షాపూ మీ మీదికే వస్తుంది. 2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి అమల్లో ఉన్న సెక్షన్ 74ఏ ప్రకారం, కావాలని దాచిన పన్నుకు అంతే మొత్తం జరిమానా. ‘కొన్నాళ్లు గడిస్తే ఎవరు చూస్తారు’ అనుకోకండి. 2025-26 ఆర్థిక సంవత్సరం వార్షిక రిటర్నుకు గడువు 2026 డిసెంబరు 31. అక్కడి నుంచి 42 నెలలు, అంటే 2030 జూన్ 30 దాకా నోటీసు ఇవ్వడానికి వారికి సమయం ఉంది. రిజిస్ట్రేషన్ తీసుకోకుండా ఉండిపోయినవారి మీద అంచనా పన్ను వేయడానికి సెక్షన్ 63లో అయిదేళ్లు.

అన్నయ్యగారి సాయం దీనికంటే ప్రమాదకరం. జీఎస్‌టీ నంబరు 15 అక్షరాలు. మూడో దాని నుంచి పన్నెండో దాని దాకా ఉండేది ఆయన పాన్ నంబరే. మీ సరుకు, మీ బ్యాంకు ఖాతాలో డబ్బు, ఆయన పాన్ మీద అమ్మకం! ఇనుప మేకులు అమ్మే షాపు నుంచి పూతరేకుల బిల్లు రావడం చూసి ఏ అధికారైనా మొదట నవ్వుతాడు, తరవాత రాయడం మొదలుపెడతాడు. మరొకరి నంబరు వాడి బిల్లు ఇచ్చినందుకు మీకు, సరుకు ఇవ్వకుండా బిల్లు ఇచ్చినందుకు ఆయనకు, ఇద్దరికీ సెక్షన్ 122లో వేర్వేరు పద్దులున్నాయి. ఆడపడుచు కాపురంలోకి పన్నుల శాఖను పిలవకండి.

ఒక మాట కటువుగానే చెప్పాలి. ఉద్యమ్ సర్టిఫికెట్టు, ఆహార భద్రత నంబరు ఉన్నాయి కదా అని మీరు రాసిన తీరు చూస్తే, మూడింటినీ ఒకే గాటన కట్టినట్టున్నారు. ఉద్యమ్ మీ వ్యాపారం చిన్నదని చెబుతుంది, రెండోది తినుబండారం చేయడానికి అనుమతి, ఏదీ పన్ను నంబరు కాదు. గొలుసు తాకట్టు పెట్టేముందు వడ్డీ ఎంతో అడిగే ఉంటారు. మొదటి పార్సిల్ మీద హైదరాబాదు అని రాసేముందు ఒక్కరిని అడగలేదు.

ఇప్పుడు చేయవలసింది. నంబరు వచ్చేదాకా తెలంగాణకు, యానాంకు, మరే రాష్ట్రానికీ ఒక్క బాక్సు పంపవద్దు. ఎవరి దగ్గరా ‘జీఎస్‌టీ’ పేరుతో ఒక్క రూపాయి వసూలు చేయవద్దు, రిజిస్టరు కాని వ్యక్తి పన్ను వసూలు చేయడాన్ని సెక్షన్ 32 నిషేధిస్తోంది. ఈ వారంలోనే జీఎస్‌టీ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. కారణం దగ్గర అంతర్రాష్ట్ర అమ్మకం అని, తేదీ దగ్గర ఆగస్టు 6 అని రాయండి. ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు, ఏజెంటు అడిగేది ఆయన కూలి మాత్రమే. ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి ఆమె పేరున ఉన్న తాజా ఇంటిపన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ ఒకటి, తెల్లకాగితం మీద ఆమె సమ్మతి పత్రం, ఆమె గుర్తింపు కార్డు చాలు. అంతకు మించి కాగితాలు అడగవద్దని 2025 ఏప్రిల్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు అధికారులకు సూచన ఇచ్చింది. అయినా ప్రశ్న వేస్తే 7 పనిదినాల్లో జవాబివ్వాలి. ఆ నోటీసు ఈమెయిల్‌కు వస్తుంది కనుక దరఖాస్తులో ఏజెంటు మెయిలు కాక మీ మెయిలే పెట్టండి. రిజిస్టరైన షాపులకు మీరు అమ్మే సరుకు మీద నెలకు పన్ను రెండున్నర లక్షలు మించదు కాబట్టి, 2025 నవంబరు 1 నుంచి వచ్చిన సులభ పద్ధతి ఎంచుకుంటే, ఆధార్ ధ్రువీకరణ సరిగా జరిగితే, 3 పనిదినాల్లో నంబరు వస్తుంది. ఒక శాతం పన్నుతో సరిపోయే కాంపోజిషన్ పథకం తీసుకోమని ఎవరైనా చెబితే వద్దనండి, రాష్ట్రం దాటి అమ్మేవారికి అది లేదు.

నంబరు రాగానే ఆగస్టు 6 నుంచి మంజూరు తేదీ వరకు ఉన్న అమ్మకాల మీద పన్ను, 18 శాతం వడ్డీతో, డీఆర్‌సీ-03 ఫారంలో మీ అంతట మీరే కట్టండి. 4 లక్షల 20 వేల మీద 5 శాతం అంటే 21 వేలు. మీరు తీసుకున్న ధరలోనే పన్ను కలిసి ఉందని వాదిస్తే 20 వేలు. డిసెంబరులోనే కట్టేస్తే వడ్డీ వెయ్యి రూపాయలు కూడా దాటదు. నిద్ర పోగొట్టుకున్న విషయం మొత్తం విలువ ఇది. రిజిస్టరు కానందుకు 10 వేలు లేదా ఎగవేసిన పన్ను, ఏది ఎక్కువైతే అంత జరిమానా వేసే అధికారం అధికారికి ఉంది; కానీ నోటీసు రాకముందే నిజమైన తేదీతో దరఖాస్తు, కట్టిన చలానా రెండూ చేతిలో ఉన్న మనిషి తరఫున వాదించడానికి నాలాంటివాడికి చోటుంటుంది. జరిపిన తేదీతో వచ్చిన మనిషికి ఉండదు.

చివరగా ఆ 64 వేలు. మీకు జీఎస్‌టీ నంబరు లేకపోవడం సరుకు తీసుకున్నవాడి బాకీని మాఫీ చేయదు. మీరు బిల్లులో పన్ను వేయలేదు, ఆయన పన్ను కట్టలేదు, కాబట్టి ఆయన పోగొట్టుకున్న పన్ను జమ అంటూ ఏమీ లేదు. ఈ మాటే రిజిస్టరు పోస్టులో రాయండి, సరుకు ముట్టిన రసీదు నకలు జతచేయండి. దావాకు గడువు సరుకు అందిన తేదీ నుంచి మూడేళ్లు, అరువు గడువు మాట్లాడుకుని ఉంటే ఆ గడువు తీరిన రోజు నుంచి. ఈలోగా ఆయన సర్దుబాటుకు వస్తే, డబ్బు తరవాత ఇచ్చినా సరే, 2025 నవంబరు 3 నాటి సరుకు తాలూకు ఇంత బాకీ ఉన్నానని తేదీ వేసి సంతకం చేసిన కాగితం ముందు తీసుకోండి. ఆగస్టు 6 నాటి కార్బన్ కాపీ ఉన్న బిల్లు పుస్తకం ఎక్కడుందో ఈ రాత్రికే వెతికి బీరువాలో పెట్టండి. దరఖాస్తులో రాసిన తేదీకి రేపు మీ తరఫున నిలబడే కాగితం అదే.