పాటల పెట్టె: బ్లాక్‌మోర్ బ్యాండ్ ఇడిసినంక డీప్ పర్పుల్

ప్రశ్న: అన్నా, బ్రిటన్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ నాకు 'మెషీన్ హెడ్' ఆల్బమ్‌తో పరిచయం. తర్వాత 'బర్న్' విన్నాను. మొన్న 1975లో వచ్చిన 'కమ్ టేస్ట్ ద బ్యాండ్' విని చాలా ఇష్టపడ్డాను. మా హాస్టల్‌లో సీనియర్ మాత్రం "గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ లేని పర్పుల్ పర్పులే కాదు, అది లెక్కలోకి రాదు" అని కొట్టిపారేశాడు. నా చెవుల్లో లోపమా? దాన్ని ఎందుకు ఎవరూ పట్టించుకోరు? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: మీ సీనియర్ మాట కొత్తదేం కాదు తమ్మీ. నేను హన్మకొండ చౌరస్తా దగ్గర గల్లీల క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపిన రోజులల్ల ఆర్‌ఈసీ (ఇప్పటి ఎన్‌ఐటీ) హాస్టల్ పోరలు కౌంటర్ మీద మోచేతులు ఆనిచ్చి ఇదే లొల్లి పెట్టేటోళ్ళు. "పర్పుల్‌ల మంచియి ఎక్కియ్యన్నా" అంటే 'మెషీన్ హెడ్' ఒక సైడు, 'బర్న్' ఇంకో సైడు. నైంటీ క్యాసెట్‌కు సరిగ్గ సరిపోతయి. 'కమ్ టేస్ట్ ద బ్యాండ్' గూడ 37 నిమిషాల దగ్గర్నే ఉంటది, ఒక సైడుల సుఖంగ పడ్తది. అయినా అడిగెటోడు లేడు. అట్ట మీద వైన్ గ్లాసుల తేలే ఐదుగురి మొఖాలు చూసి, "ఇండ్ల రిచీ లేడు గదా" అని పక్కకు పెట్టేటోళ్ళు. వినకముందే తీర్పు అయిపోయేది. నీ చెవులు మంచిగనే ఉన్నయి.

ముందుగాల జరిగిన ముచ్చట చెప్త. 1974ల వచ్చిన 'స్టార్మ్‌బ్రింగర్'ల ఫంక్, సోల్ (అమెరికా నల్లజాతోళ్ళ దరువు, గొంతు సంగీతాలు) వాసన ఎక్కువైంది. బేసు వాయిస్తూ పాడే గ్లెన్ హ్యూస్‌కు, పాటగాడు డేవిడ్ కవర్‌డేల్‌కు అది ప్రాణం. బ్లాక్‌మోర్‌కు పడలే. 1975 ఏప్రిల్ 7న పారిస్‌ల ఆఖరి షో వాయించి పోయిండు, ఆ ఏడే 'రెయిన్‌బో' అనే సొంత బ్యాండ్ పెట్టుకున్నడు. మిగిలినోళ్ళు దుకాణం మూసుకుంటరనుకుంటే, కవర్‌డేల్ ఒక గిటారిస్టు పేరు చెప్పిండు: టామీ బోలిన్.

బోలిన్ అమెరికాల అయోవా రాష్ట్రం, సూ సిటీల పుట్టినోడు. అప్పటికి వయసు 24 నిండలే. జేమ్స్ గ్యాంగ్ అనే బ్యాండ్‌ల వాయించిండు. కాని కవర్‌డేల్ చెవిన పడ్డది అది కాదు, డ్రమ్మర్ బిల్లీ కోభమ్ 1973ల చేసిన 'స్పెక్ట్రమ్' ఆల్బమ్. మహావిష్ణు ఆర్కెస్ట్రా బ్యాండ్‌ల గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన డ్రమ్స్ వాయించిన కోభమే. జాజ్ ఉద్దండుల నడుమ సందు చూసుకొని దూరి వాయించిన గిటారు అది. అసుంటోన్ని తీస్కొచ్చి బ్లాక్‌మోర్ జాగల నిలబెట్టిండ్రు. ఆగస్టు, సెప్టెంబరు నెలలల్ల మ్యూనిక్‌ల మ్యూజిక్‌లాండ్ స్టూడియోల రికార్డింగ్. దగ్గరుండి చేయించింది మార్టిన్ బర్చ్, 'మెషీన్ హెడ్' సౌండ్ గూడ ఆయన చేతులదే.

ఇగ అసలు సంగతి. ఈ ఆల్బమ్‌ను అందరు గిటారు దిక్కు నుంచి వింటరు. బ్లాక్‌మోర్ జాగల కూసున్నోడు ఏం వాయిస్తుండని పరీక్ష పెడ్తరు. కొమురెల్లి జాతరల ఒగ్గుకథ విన్నోళ్ళకు ఎరుకే: కథ చెప్పెటాయన మారితే జనం ముందుగాల మొఖం మాడుస్తరు, కాని డోలు వాయించెటోళ్ళు పాతోళ్ళే అయితే అడుగు వాళ్ళే ఏస్తరు, కొత్తాయన దాని మీద ఎక్కుతడు. ఇక్కడ డోలు పర్పుల్ డ్రమ్మర్ ఇయాన్ పేస్ ది. ఈ 9 ట్రాకులల్ల గిటారును చెవికి అడ్డం రానియ్యకుండ పేస్ ఒక్కడ్నే పట్టుకొని విను. బ్లాక్‌మోర్ ఉన్నప్పుడు గిటారూ ఆర్గనూ కొట్లాడుకుంటుంటే పేస్ ఎనకనుంచి ఉరికించేటోడు. ఈడ ముందట నడిచేది ఆయనే. బోలిన్ ఆ అడుగుల నడుమ ఖాళీలల్ల వాయిస్తడు, వాటి మీదికెళ్ళి తొక్కడు. ఒక్కోసారి రెండు దెబ్బలు వాయించి ఊకుంటడు. బ్లాక్‌మోర్ అట్ల ఊకునే మనిషి కాదు.

'గెటిన్ టైటర్' పెట్టు. మొదటి రిఫ్ (మళ్ళ మళ్ళ వచ్చే గిటారు ముక్క) మామూలు హార్డ్ రాకే. నడుమకొచ్చినంక పాట గేరు మార్చి పూర్తి ఫంక్‌ల పడ్తది: హ్యూస్ బేసు తీగను గుంజి వదుల్తుంటే పేస్ హై-హ్యాట్ (డ్రమ్స్‌ల జంట తాళాలు) సన్నగ, గీసినట్టు నడుస్తది, బోలిన్ చెయ్యి తీగల మీద ఆనిచ్చి చిక్కు చిక్కుమని గీకుతడు. మళ్ళ ఏం జరగనట్టు రిఫ్‌లకు వస్తది. పాడింది గూడ హ్యూసే. ఈ నడిమి భాగం నచ్చనోనికి ఆల్బమ్ నచ్చది. నచ్చినోనికి ఇంక నేను చెప్పాల్సింది లేదు.

ఆఖరి పాట 'యూ కీప్ ఆన్ మూవింగ్' ఇంకో లోకం. బేసు మెల్లగ మొదలైతది, ఆర్గన్ దాని ఎంబడి పొగ లెక్క లేస్తది, కవర్‌డేల్, హ్యూస్ ఇద్దరు కింది స్థాయిల కలిసి పాడ్తరు. ఎవరి గొంతు ఏదో విడదీయబుద్ధి కాదు. ఈ ఇద్దరు రాసుకున్న ఈ పాట బ్లాక్‌మోర్ కాలం నుంచే ఉన్నది, ఆల్బమ్‌కు ఎక్కింది ఆయన పోయినంకనే. పర్పుల్ మొత్తం పాటలల్ల మొదటి పదింట్ల నేనైతే దీన్ని పెడ్త, మీ సీనియర్ ఏమన్న అననియ్యి. దానికి ముందున్న 'దిస్ టైమ్ అరౌండ్'ల డ్రమ్స్ లేవు, గిటారు లేదు. జాన్ లార్డ్ కీబోర్డులు, హ్యూస్ గొంతు, అంతే. దాని తోకకే బోలిన్ రాసిన వాద్యం ముక్క 'ఓడ్ టు జీ' అతుక్కొని వస్తది. అమెరికా సంగీతకర్త గెర్‌ష్విన్‌కు పెట్టిన దండం అది.

అన్నీ బంగారమే అంటే అబద్ధమైతది. 'ఐ నీడ్ లవ్' నాకు ఖాళీ డబ్బ లెక్కనే వినపడ్తది. 'డ్రిఫ్టర్' రిఫ్ మంచిదే గాని పాట దాన్ని దాటిపోదు. మొదటి పాట 'కమిన్ హోమ్' ఉరుకుడు బాగుంటది. అండ్ల బేసు గూడ బోలినే వాయించిండు.

మరి ఎందుకు మరుగున పడ్డది అంటవా? అమ్మకాలు చూడు: 'బర్న్' బ్రిటన్‌ల 3వ స్థానం దాక పోయింది, 'స్టార్మ్‌బ్రింగర్' 6, ఇది 19. అమెరికల 43. కాని దీన్ని చంపింది స్టూడియో కాదు, స్టేజీ. స్టూడియోల బోలిన్ తన పాటలు తాను వాయించిండు. స్టేజీ మీద రోజూ బ్లాక్‌మోర్ పాటలు వాయించాలె, జనం 'స్మోక్ ఆన్ ద వాటర్' కోసం అర్సుడే. అప్పటికే మత్తుమందు బోలిన్‌నూ హ్యూస్‌నూ పట్టుకున్నది. డిసెంబర్ల జపాన్ పోయేసరికి బోలిన్ ఎడమ చెయ్యి సరిగ ఆడలే, గిటారు తోవను చానా మటుకు లార్డ్ ఆర్గన్ మోసింది. ఆ టోక్యో షోనే 1977ల రికార్డుగ ఇడిసిండ్రు. 'బోలిన్ కాలం అంటే ఇదే' అన్న ముద్ర దానితోని గట్టిపడ్డది. 1976 మార్చి 15న లివర్‌పూల్‌ల ఆఖరి షో అయింది. బ్యాండ్ విడిపోయింది. ఆ ఏడు డిసెంబర్ 4న మయామిల బోలిన్ పోయిండు, 25 ఏండ్లకు, మత్తుమందు ఎక్కువై. 'డీలర్' అని మత్తు అమ్మేటోని మీద పాట ఇదే ఆల్బమ్‌ల ఉన్నది, నడుమ కొన్ని లైన్లు బోలిన్ సొంత గొంతుతోని పాడ్తడు. అది పెట్టినప్పుడు వేరే పని చెయ్యబుద్ధి కాదు.

2016ల రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ల డీప్ పర్పుల్‌ను చేర్చినప్పుడు కవర్‌డేల్, హ్యూస్ పేర్లు ఉన్నయి. బోలిన్ పేరు లేదు. నీ హాస్టల్ లొల్లే పెద్ద హాల్‌ల గూడ జరిగిందన్నట్టు.

ఒక్క ముచ్చట మిగిలింది, ఇది మాలాంటి మిషన్లోళ్ళ పిచ్చి అనుకో. బోలిన్ గిటారుల గాలి చీరినట్టు, లేజరు తుపాకి పేల్చినట్టు చప్పుళ్ళు వస్తయి గదా, అవి ఎకోప్లెక్స్ అనే డబ్బవి. అండ్ల మన క్యాసెట్ రీలు అసుంటి టేపే గుండ్రంగ తిరుగుతుంటది. ఒక హెడ్ రికార్డు చేస్తది, ఇంకోటి ఎనకనుంచి వినిపిస్తది. రెంటి నడుమ దూరం పెంచితే ప్రతిధ్వని ఆలస్యంగ వస్తది. శబ్దం నడుస్తుండంగనే ఆ దూరాన్ని చేత్తోని జరిపితే స్వరం సాగుతది, కుంచుకపోతది. టేపు డెక్కు హెడ్డును స్పిరిటు దూదితో తుడిచినోనికి ఈ మిషను ఎందుకు ముద్దొస్తదో తెలుస్తది.

ప్రశ్న: ఇలాగే సభ్యులు మారాక వచ్చి అన్యాయమైపోయిన ఆల్బమ్ ఇంకోటి చెప్పండి. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ చేసిన 'బార్న్ అగైన్' ఆ కోవలోదేనా? – ఒక బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: సగం మటుకే. 1983ల పర్పుల్ పాత గొంతు ఇయాన్ గిలన్ పోయి సబ్బాత్‌ల పాడిండంటే ఎవరికి ఆసక్తి ఉండదు? బ్రిటన్‌ల 4వ స్థానం దాక పోయింది, కాబట్టి అప్పట్ల ఎవరు వినలేదనలేం. దాన్ని దెబ్బతీసింది మిక్సింగ్, అంటే వాద్యాల చప్పుళ్ళను కలిపి సర్దే పని. మొత్తం శబ్దం గోనెసంచిల కట్టినట్టు ఉంటది. మీది సిస్టం సరిగ లేదనుకోకండి, రికార్డే అట్ల. 'జీరో ద హీరో', 'డిస్టర్బింగ్ ద ప్రీస్ట్' రెండు వినండి, గిటారిస్టు టోనీ అయోమీ రిఫ్‌లు ఆ బురదల నుంచి గూడ పైకి లేస్తయి. కొమ్ముల ఎర్ర పసిపిల్ల అట్ట మాత్రం ఇంట్ల పిల్లలకు కనపడనియ్యకండి. 'కమ్ టేస్ట్ ద బ్యాండ్'కు ఈ కష్టం లేదు, పాత మిక్సే శుభ్రంగ ఉంటది. 2010ల కెవిన్ షర్లీ కొత్త మిక్సుతోని రెండు డిస్కుల ఎడిషన్ వచ్చింది గాని, ముందు పాతది వినండి.

ప్రశ్న: మా బాబు ఇంటర్ చదువుతూ గిటారు నేర్చుకుంటున్నాడు. ఎప్పుడు చూసినా వేగంగా సోలోలు వాయించాలని తాపత్రయం. మీరు తరచూ చెప్పే 'కమ్ టేస్ట్ ద బ్యాండ్' నుంచి మొదలుపెట్టవచ్చా? – ఒక ఉపాధ్యాయురాలు, జగిత్యాల

జవాబు: పెట్టొచ్చు మేడమ్, కాని సోలోల నుంచి కాదు. 'గెటిన్ టైటర్' నడిమి భాగం తీసుకోమనండి. ఎడమ చేతి వేళ్ళు తీగల మీద ఊకనే ఆనిచ్చి, కుడి చేత్తోని ఒక్కో దెబ్బకు "తకధిమి" అనుకుంట నాలుగు గీతలు గీకాలె, కిందికి మీదికి. స్వరమే ఉండదు, చప్పుడు మాత్రమే. మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని లయ కొట్టే మిషను) మెల్లగ పెట్టి, గీత గీతకు నడుమ ఎడం సమానంగ వచ్చేదాక స్పీడు పెంచొద్దు. మీకు వారం రోజులు తలనొప్పి ఖాయం, ఫ్యాను చప్పుడు అనుకోండి. అది కుదిరినంక ఆల్బమ్ ఎంబడి వాయించమనండి, అప్పుడు పేస్ ఎక్కడ ఆగుతుండో వానికే దొరుకుతది. సోలోలు దసరా సెలవులల్ల చూసుకోవచ్చు.