పరుగు పెరిగింది, నెలసరి ఆగింది

ప్రశ్న: మేం మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయికి 17 ఏళ్లు. కంఠీరవ స్టేడియంలో 1500 మీటర్ల పరుగు సాధన చేస్తోంది. ఒళ్లు తేలికైతే వేగం వస్తుందని అన్నం, నూనె మానేసింది. నాలుగు నెలలుగా నెలసరి లేదు, కాలి ముందరి ఎముక నొప్పి అంటోంది. బాగా కష్టపడేవాళ్లకు అది మామూలేనని తోటి పిల్లలు చెప్పారట. నిజమేనా?
– ఒక తల్లి, బెంగళూరు

జవాబు: మామూలు కాదమ్మా. ఇలాంటప్పుడు నెలసరి ఆగేది చాలావరకు సాధనకు తగ్గ తిండి లేకే. తిన్నదాంట్లో పరుగుకు పోగా మిగిలింది చాలకపోతే ఒళ్లు ముందు నెలసరిని ఆపేస్తుంది, తర్వాత ఎముకలకు కోత పెడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ (క్రీడల్లో ఒంటికి శక్తి చాలకపోవడం) అని పేరు పెట్టింది. ఇది మగపిల్లలకూ వస్తుంది. నెలసరి లాంటి గుర్తు లేనందువల్ల వాళ్లలో ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది.

48 కిలోల అమ్మాయిలో కొవ్వు పోగా 40 కిలోలు అనుకుందాం. 1500 క్యాలరీలు తిని పరుగుకు 500 ఖర్చు చేస్తే మిగిలేది 1000, అంటే కిలోకు 25. ఉండాల్సింది 45 దాకా. 30 కిందికి దిగితే ప్రమాదం. 45 అందాలంటే ఆమె 2300 తినాలి. ఈ లెక్క మీకోసమే, అమ్మాయి ముందు వేయకండి. అంకెల పట్టుదల ఆమెకు ఇప్పటికే ఎక్కువగా ఉంది.

ముందు పరుగు ఆపించండి. ఎముకలో సన్నని పగులు మొదటి వారాల్లో ఎక్స్‌రేకు చాలాసార్లు దొరకదు, ఎమ్మారై కావాలి. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), విటమిన్ డి, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. హార్మోన్ మాత్రలతో నెలనెలా రక్తస్రావం కనిపించినా కారణం అలాగే ఉంటుంది, ఎముక గట్టిపడిందని నమ్మకండి. రాగిసంగటి మంచిదే, అందులో కాల్షియం దండిగా ఉంది. కానీ మొత్తం తిండి తక్కువైతే ఒక్క కాల్షియం ఎముకను కాపాడలేదు.

డాక్టరు మళ్లీ పరుగుకు ఒప్పుకున్నాక, తెల్లవారుజామున గ్రౌండ్‌కు వెళ్లేముందు ఒక అరటిపండు, నాలుగు ఖర్జూరాలు తినిపించండి. సాధన అయిన అరగంటలో గ్లాసు పాలు, ఇంకో అరటిపండు, గంటన్నర లోపల ఇడ్లీ, గుడ్లు పెట్టండి. అన్నంలో నెయ్యి మళ్లీ రావాలి. కళ్లు తిరిగి పడితే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. క్రీడాకారుల నాడి నెమ్మదిగానే కొడుతుందని సరిపెట్టుకోవద్దు, తిండి తగ్గినా నాడి అలాగే నెమ్మదిస్తుంది.

ప్రశ్న: నాకు 26. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆటలేమీ ఆడను. పగలంతా పస్తు. రాత్రి ఆర్డర్ పెట్టి ఆపుకోలేనంత తింటాను. మర్నాడు రెండు గంటలు ట్రెడ్‌మిల్. ఇదీ జబ్బేనా?
– ఎలక్ట్రానిక్ సిటీ పాఠకుడు

జవాబు: వారానికోసారైనా ఇలా మూడు నెలలు సాగితే బులీమియా అనే తిండికి సంబంధించిన మానసిక జబ్బు కావచ్చు. తిన్నదానికి శిక్షగా చేసే వ్యాయామం, వాంతి చేసుకోవడం వైద్యుల లెక్కలో ఒకే కోవకు వస్తాయి. రాత్రి ఆకలిని తెచ్చేది పగటి పస్తే. అందుకే నిద్ర లేచిన గంటలో టిఫిన్ తినండి, ఆపైన మూడు నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకండి. రాత్రి అతిగా తిన్నా మర్నాటి టిఫిన్ మానొద్దు. చాలామంది జారేది సరిగ్గా అక్కడే. వాంతులు కూడా ఉంటే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు, వెంటనే రక్తపరీక్ష చేయించండి. హోసూరు రోడ్డు నిమ్హాన్స్‌లో మానసిక వైద్యుల్ని కలవండి. ముందు తెలుగులో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.