మీ బండి మా జవాబు: వేడెక్కితే ముల్లు పడిపోతోంది, ఆయిల్ పంపు పోయినట్టేనా?

ప్రశ్న: గురువుగారూ నమస్తే. నాది పాత డీజిల్ పికప్పు, సాలూరు నుంచి జయపురానికి సిమెంటు, కిరాణా సరుకు తోల్తుంటాను. ఈమధ్య బయట కొని ఆయిల్ ప్రెషర్ మీటరు పెట్టించాను, అప్పట్నుంచి రోడ్డు కంటే దాన్నే ఎక్కువ చూస్తన్నాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ముల్లు 5 బార్ దగ్గర నిలబడతాది. లోడుతో సుంకి ఘాటీ ఎక్కేసి పైన టీ కొట్టు దగ్గర ఆపి, రేస్ ఇవ్వకుండా స్లోలో ఉంచితే 1కి పడిపోతాది, రేస్ ఇస్తే మళ్లీ 3 దాకా లేస్తాది. మిస్త్రీ ఏమో పంపు పోయింది, ఇంజన్ కింద ఆయిల్ ఉండే చాంబర్ దింపాలంటున్నాడు. ఇంజన్లో సౌండేటీ లేదు, పొగా లేదు. ఏటి చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: ఇప్పుడప్పుడే చాంబర్ దింపనివ్వకు తమ్ముడూ. నువ్వు రాసిన అంకెలన్నీ చక్కగా పనిచేసే డీజిల్ ఇంజనువే, అందులో భయపడేది ఒక్కటీ కనపడట్లేదు నాకు.

పంపు చేసేది ఆయిల్‌ని తొయ్యడం వరకే. ప్రెషర్ పుట్టేది ఆ ఆయిల్ క్రాంక్ బేరింగుల సందుల్లోంచి దూరిపోలేక ఇబ్బంది పడినప్పుడు. తోటకి నీళ్లు పట్టే పైపు మూతిని బొటనవేలితో నొక్కితే చూడు, మోటారు అదే, నీళ్లు అవే, కానీ జోరు పెరుగుతుంది, ఇదీ అంతే. పొద్దున్న చలికి ఆయిల్ చిక్కగా ఉంటది కాబట్టి సందుల్లోంచి తొందరగా జారదు, అందుకే 5, అంతకు మించి పోకుండా రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఎక్కువైంది వెనక్కి వదిలేస్తుంది. అదే ఘాటీ మొత్తం సెకండ్ గేరు, థర్డ్ గేరులో లోడుతో ఎక్కించావనుకో, ఆయిల్ వేడి 100 డిగ్రీలు దాటేసి పల్చబడిపోతుంది, పైగా పైకొచ్చి స్లోలో పెట్టేసరికి ఇంజనుతో పాటు పంపు కూడా నెమ్మదిగా తిరుగుతుంది, రెండూ కలిసొచ్చి ముల్లు కిందకి దిగుతుంది. దిగకపోతేనే ఆలోచించాలి.

మామూలుగా గ్యారేజీల్లో చెప్పుకునే లెక్క ఒకటుంది, ప్రతి 1000 ఆర్‌పీఎంకి (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) కనీసం 10 పీఎస్‌ఐ (బార్ లాగే ఇదీ ప్రెషర్ కొలతే) ఉండాలని. 1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ, స్లోలో ఇంజను వెయ్యి లోపే తిరుగుతుంది, కాబట్టి వేడి మీద స్లోలో 1 బార్ అంటే నీకు కావాల్సినదానికంటే కొంచెం ఎక్కువే ఉంది. రోడ్డు మీద 2000, 2500లో పోతున్నప్పుడు 2 నుంచి 4 మధ్య ఉంటే ఇక దాని జోలికి పోనక్కర్లేదు. ఇది మోటు లెక్క, అసలు అంకె నీ ఇంజను సర్వీస్ మాన్యువల్లో ఉంటది, దాన్నే నమ్ము. కొన్ని కొత్త ఇంజన్లలో పంపే కావాలని ప్రెషర్ తగ్గించుకుంటుంది, వాటిని ఈ లెక్కతో కొలవకూడదు.

ముల్లు ఒక్కదాన్నే చూసి లాభం లేదు, ఇంజను ఎంత వేడి మీదుంది, ఎంత ఆర్‌పీఎంలో ఉంది, ఈ రెండూ కలిపి రాసుకో. వచ్చే నెల అదే ఘాటీ, అదే లోడు, అదే టీ కొట్టు దగ్గర 1 కాస్తా 0.5 అయితే అప్పుడు వెతుకుదాం. అప్పుడు కూడా పంపుతో మొదలెట్టకూడదు, ముందు బండిని సమానంగా ఉన్న చోట ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూడాలి, తర్వాత ఆ డిప్‌స్టిక్‌నే ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి (డీజిల్ కంపు కొడితే ఇంజెక్టర్ల వైపు నుంచి డీజిల్ కలిసి ఆయిల్ పల్చబడుతోందన్నమాట), ఆ తర్వాత సెన్సార్ విప్పి అదే కన్నానికి గ్యారేజీ వాళ్ల మెకానికల్ గేజీ పెట్టి కొలవాలి. సెన్సార్ అబద్ధం చెప్పడం నిజంగా ప్రెషర్ పడిపోవడం కంటే మామూలు విషయం, అది మార్చడం చవక కూడా. పంపు గేర్లు ఎప్పుడూ ఆయిల్లోనే తిరుగుతాయి కాబట్టి అంత తొందరగా అరగవు, ముందు అరిగేవి బేరింగులు. బేరింగులు వదులైన ఇంజనుకి కొత్త పంపు వేస్తే ముల్లు పెద్దగా లేవదు, డబ్బులు మాత్రం లేస్తాయి. బేరింగు పోతే లోడు మీద కింద నుంచి టక టకమని బరువైన సౌండ్ వస్తుంది, నీకు అది లేదన్నావు కదా, టీ తాగి హాయిగా బయల్దేరు.

ప్రశ్న: సార్, మా పెట్రోల్ కారుకి మీటరు లేదు, నూనె డబ్బా బొమ్మ ఉన్న ఎర్రలైటు ఒక్కటే. గుణుపురం వెళ్తుంటే మలుపుల్లో రెండు మూడుసార్లు వెలిగి ఆరిపోయింది. మా బావ ఇప్పుడున్న 5డబ్ల్యూ30 ఆయిల్ తీసేసి అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ50 పోయించెయ్, ప్రెషర్ నిలబడతాది అంటున్నాడు. పోయించమంటారా?
– పర్లాకిమిడి

జవాబు: బావగారి మాట ఈ ఒక్క విషయంలో వినకండి. మలుపులోనే వెలిగి ఆరిందంటే దాదాపు ఆయిల్ తక్కువైనట్టే, బండి ఒరిగినప్పుడు ఆయిల్ చాంబర్లో ఒక పక్కకి పోయి పంపు నోట్లోకి గాలి పోతోంది. ముందు లెవెల్ చూసి, పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి, అది ఎక్కడికి పోయిందో కూడా వెతికించండి. ఈమధ్య కింద రాయి గానీ తగిలిందా? చాంబర్ లోపలికి నొక్కుకుంటే పంపు జల్లెడకి అడ్డం పడుతుంది, అదీ చూడమనండి. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుందేమో గానీ పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజను పైనున్న క్యామ్ (వాల్వుల్ని తెరిచే ఇరుసు) దాకా పోవడానికి ఆలస్యమవుతుంది.

ఇంకొకటి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఆ లైటు చాలా కార్లలో 0.3 నుంచి 0.5 బార్ మధ్యకి పడిపోతే గానీ వెలగదు. అది వెలిగేసరికి లోపల ప్రెషర్ ఉన్నా లేనట్టే. ఊరు వచ్చేదాకా మెల్లగా పోదాంలే అనుకోకండి, పక్కకి తీసి ఇంజను ఆపెయ్యండి. లెవెల్ సరిగ్గానే ఉండి లైటు ఆరకపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకండి, బండి కట్టించుకుని వెళ్లండి.

ప్రశ్న: అన్నా నమస్తే, మాది దెగ్లూరు దిక్కు, నాందేడ్ జిల్లా. ట్రాక్టర్ పొద్దుగాల స్టార్ట్ చేస్తే ప్రెషర్ ముల్లు కొద్దిసేపు లేవదు, తర్వాత పచ్చ గీతల కొస్తది. ఖరాబైనట్టా?

జవాబు: రెండు మూడు సెకన్లయితే ఏం ఫరక్ పడదు తమ్మీ, గ్యాలరీ, అంటే ఇంజన్ల ఆయిల్ పోయే దారి, నిండాలె కదా. పది సెకన్ల దాకా పోతుంటే మాత్రం ముందు ఫిల్టర్ మార్చు, స్పిన్ ఆన్ ఫిల్టర్ (డబ్బా లెక్క మొత్తం తిప్పి విప్పేది) అయితే రాత్రి ఆయిల్ కిందికి జారకుండ ఆపే రబ్బరు వాల్వు అందులనే ఉంటది, సస్తా ఫిల్టర్లల్ల అది తొందరగా గట్టిపడిపోతది. ముల్లు లేచేదాకా రేస్ ఇయ్యకు.