అప్పు చేసి కెమెరా కొనకండమ్మా

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. ముహూర్తాల రోజుల్లో ఒక ఫొటోగ్రాఫర్ వెంట అసిస్టెంటుగా వెళ్తాడు. ‘నీకు ఫ్రేమింగ్ కుదరడం లేదు’ అంటున్నాడట ఆయన. పాత కెమెరా వల్లేనని 80 వేలది అడుగుతున్నాడు. అప్పు చేసి కొనివ్వమంటారా?
– ఒక తల్లి, కర్నూలు

జవాబు: వద్దమ్మా. మీరు పంపిన ఫొటోలు చూశాను. తలంబ్రాల ఫొటోలో పెళ్లికూతురి నవ్వు సరిగ్గా దొరికింది. చేతిలోంచి జారుతున్న బియ్యం కూడా కనిపిస్తోంది. క్షణాన్ని పట్టే చురుకు మీవాడికి ఉంది. కానీ ఆమె తలలోంచి మొలిచినట్టు మండపం స్తంభం, కుడి అంచున ఎవరిదో సగం చెయ్యి. ఎంత ఖరీదైన కెమెరా తెచ్చినా ఆ స్తంభం పోదు. ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే పోయేది.

ఇక బాబుతో మాట్లాడతాను.

నాయనా, నీ 18-55 జూమ్ లెన్స్ రింగును 35 అంకె దగ్గర పెట్టి, కదలకుండా టేపు వెయ్యి. నీ కెమెరాలో అక్కడ దృశ్యం దాదాపు కంటికి కనిపించినట్టే ఉంటుంది. నెల రోజులు జూమ్ లేదు, కాళ్లతోనే దగ్గరికి వెళ్లాలి.

ఆదివారం పొద్దున ఆరింటికే కొండారెడ్డి బురుజు దగ్గరికి వెళ్లు. గంటలో 24 ఫొటోలే తియ్యి. నిలబడిన చోటే రెండోది తీయకూడదు. మొదటి ఏడెనిమిదీ అందరూ తీసేవే వస్తాయి. తర్వాత విసుగొస్తుంది, కానీ అక్కడ ఆపేయకు. టీ బండి ఆవిరి వెనక బురుజు, కరెంటు తీగల మధ్య బురుజు, రోడ్డు మీద పరుచుకున్న దాని నీడ... ఇవన్నీ ఆ విసుగు దాటాకే కంటపడతాయి. బటన్ నొక్కే ముందు ప్రతిసారీ ఫ్రేము నాలుగు మూలలూ చూడు. పెళ్లిలో నీకు తప్పుతున్నది ఇదే.

ఇంకోరోజు మార్కెట్ యార్డుకు వెళ్లు. ఉల్లిగడ్డల గుట్ట, హమాలీ, లారీ, బోర్డు అన్నీ పడేలా ఒకటి తియ్యి. తర్వాత ఒక్కొక్కటీ వదిలేస్తూ దగ్గరికి జరుగు. చివరికి గోనెసంచి కుడుతున్న చేతులు మాత్రమే మిగలాలి. తీసే ముందు వాళ్లను అడగడం మరిచిపోకు.

ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి చూపే గ్రిడ్ గీతలు కెమెరాలో ఆన్ చేసుకో, మంచిదే. అయితే పీటల మీద జంట నడిమధ్యనే నిండుగా ఉంటుంది. అక్కడ ‘ముఖ్యమైనది నడిమధ్యన కాక ఆ గీతల మీద ఉండాలి’ అనే మూడో వంతు సూత్రం పట్టుకుని వేలాడొద్దు.

రాత్రికి ఐదు ఫొటోలు ఏరి, ఎందుకు ఏరావో నోటుబుక్కులో ఒక్కో వాక్యం రాయి. వాటిని తలకిందులుగా కూడా చూడు. ముఖాలు, నగలు పక్కకుపోయి, ఫొటోలో కంటికి బరువు ఎటు ఒరిగిందో తెలుస్తుంది.

అమ్మా, డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. చదువుగానే నేర్చుకుంటానంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) నాలుగేళ్ల బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, ఆ సంగతి డిగ్రీ అయ్యాక చూద్దాం. మూడు నెలలయ్యాక ఆ నోటుబుక్కు, మొదటి వారం ఫొటోలు, చివరి వారం ఫొటోలు పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి. అప్పటికీ ఏదైనా కొనాల్సి వస్తే, ముందు జూమ్ లేని ఒక 50 ఎంఎం లెన్స్ చాలు.