వెండి రంగు వేసే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మిగ్-21 యుద్ధ విమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ కొన్నావనీ, ఏ కంపెనీ వెండి రంగు వేస్తే అసలు అల్యూమినియంలా కనిపిస్తుందనీ అడిగావు. ఆల్‌క్లాడ్, వలేహో, మిస్టర్ కలర్ మూడూ మంచివే. అయితే రంగు సీసా తెరవడానికి ముందు చేయవలసిన పని చాలా ఉంది.

మామూలు రంగు చిన్న గీతలను కప్పేస్తుంది. లోహపు రంగు పొర చాలా పలుచన కనుక ప్రతి గీతనూ ఎత్తి చూపుతుంది. బుడితిలో ఇత్తడి చెంబుకు మెరుగు పెట్టేవారు ముందుగా ఆకురాయి గీతలన్నీ పోగొట్టినట్టే, నువ్వు కూడా 800 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టి, తడి చేస్తూ 1200, 2000 దాకా వెళ్ళాలి. బాడీ రెండు సగాలు కలిసే అతుకులో పుట్టీ నింపకు, ఎందుకంటే పుట్టీ మీద మెరుపు ఒక రకంగానూ ప్లాస్టిక్ మీద మరో రకంగానూ వచ్చి, అతుకు నీడలా బయటపడుతుంది. సూపర్ గ్లూ నింపి, అది ఆరిన కాసేపటికే రుద్దెయ్యి. మర్నాటికి ప్లాస్టిక్ కన్నా గట్టిపడి మొండికేస్తుంది.

తరువాత వెండి రంగుకు అడుగు పొరగా నిగనిగలాడే నల్లరంగు వేసి, కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. ఆరాక మోడల్‌ను ట్యూబులైటు కింద ఏటవాలుగా తిప్పి చూడు. లైటు ప్రతిబింబం గీత గీసినట్టు తిన్నగా ఉంటే ముందుకు వెళ్ళు, వంకరపోతే మళ్ళీ రుద్దు. ఇక్కడి నుంచి చేతికి గ్లవుజులు ఉండాలి, వేలిముద్ర పడితే పోదు.

మన సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ. వానాకాలంలో లాకర్ (ఘాటు రసాయనంతో కలిపిన రంగు) కొడితే ఆరేలోపే తెల్లగా పొగమంచు పట్టినట్టవుతుంది కాబట్టి సంక్రాంతి ముందు వెనుకల పొడి మధ్యాహ్నాలు చూసుకో. ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి పరికరం) గాలి ఒత్తిడి 12 నుంచి 15 పీఎస్ఐ మధ్య పెట్టి, పలుచటి పొరలుగా వెయ్యి. కిటికీలు తెరిచి, రసాయన ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకో. గుడ్డ మాస్కు ఎందుకూ పనికిరాదు.

అద్దంలా మెరిసే క్రోమ్ రంగు జోలికి మాత్రం పోకు, అది బొమ్మ విమానానికి తగిన రంగు. 1960లలో మన వాయుసేనకు వచ్చిన మిగ్-21లు వెండి మెరుపుతోనే ఉండేవి గానీ, ఎండా వానా తిన్న అల్యూమినియం కాస్త మసకబారుతుంది. పైగా ఒక్కో రేకు ఒక్కో రకంగా వెలుగును తిప్పికొడుతుంది. అందుకే మొత్తం ఒకే అల్యూమినియం రంగు వేశాక, కొన్ని ప్యానెళ్ళను మాత్రమే టేపుతో వేరు చేసి, ఒక పిసరు ముదురు రంగు వెయ్యి. టేపును ముందు అరచేతి వెనుక రెండుసార్లు అంటించి జిగురు తగ్గించకపోతే కింది పొర ఊడివస్తుంది. తోక చివర ఇంజను వేడి తగిలే భాగానికి ఉక్కు ఛాయ, దాని మీద లేత గోధుమ, నీలం పొగలా పట్టించు. ముక్కు కోను, నిలువు తోక కొన ఆకుపచ్చగా ఉంటాయి, వాటిని వెండి చేసెయ్యకు.

డెకాల్స్ (గుర్తులూ నంబర్లూ ఉండే పలుచటి స్టిక్కర్లు) అతికించే చోట మాత్రమే క్లియర్ కోటు, అంటే రంగులేని పూత, వెయ్యి, మొత్తం మీద కొడితే మెరుపు చచ్చిపోతుంది. ఒక రెక్క పూర్తవగానే పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి పంపు, గీతలేమైనా మిగిలాయేమో చూసి చెబుతాను.

నీ మావయ్య