ఎనిమిది నెలల ఫారిన్ ట్రిప్పుకి పోస్టాఫీసు డబ్బులు తియ్యాలా, స్థలం అమ్మాలా?

విజయనగరం నుంచి రైల్వేలో రిటైరైన ఒకాయన రాశారు. ఆయనకి 63, ఆవిడకి 59. పెన్షన్ చేతికి 48 వేలు వస్తుంది, రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో 30 లక్షలు ఏడాదిన్నర కిందట పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశారు, బ్యాంకులో ఎఫ్‌డీలు 14 లక్షలు, డెంకాడ వైపు 200 గజాల స్థలం. సింగపూర్‌లో చిన్నప్పటి ఫ్రెండు, మెల్‌బోర్న్‌లో కూతురు, డల్లాస్‌లో కొడుకు, లండన్‌లో తోడల్లుడు, దుబాయ్‌లో మేనల్లుడు. ఓపికున్నప్పుడే ఒక్క తిప్పలో అందరినీ చూసొచ్చేద్దాం, వాళ్లిళ్లలోనే ఉంటాం కదా టికెట్లు తప్ప ఖర్చేటుంటాది అని ఆవిడ అంటున్నారట. స్కీము క్లోజ్ చెయ్యమంటారా, స్థలం అమ్మెయ్యమంటారా అని ఈయన ప్రశ్న. ఎక్కడ తిరిగినా పైడితల్లమ్మ సిరిమాను జాతర నాటికి ఊళ్లో ఉండాలి, అది కండిషన్.

మాస్టారూ, రెండూ వద్దు. ముందు పోస్టాఫీసు సంగతి. ఏడాది దాటి రెండేళ్లు నిండకుండా క్లోజ్ చేస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు, 30 లక్షలకి 45 వేలు పోయినట్టే. పోనీ అవసరమైన పది లక్షలే తీద్దామా అంటే ఆ ఎకౌంట్లోంచి కొంచెం కొంచెం తియ్యనివ్వరు, తీస్తే మొత్తం క్లోజే. ఇప్పుడు 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 61,500 పడుతోంది, మీరు మెల్‌బోర్న్‌లో మనవడితో ఆడుకుంటున్నా అది పడుతూనే ఉంటుంది, మిమ్మల్ని తిప్పి తీసుకొచ్చేది ఆ డబ్బూ మీ పెన్షనూ, దాన్ని ముట్టుకోకండి. స్థలం మాటకొస్తే, భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఆ వైపు బేరాలు ఎలా నడుస్తున్నాయో మీకే బాగా తెలుసు, టికెట్ల కోసం తొందరపడి అమ్మితే కొనేవాడు ఆ తొందరని ముందు వాసన పట్టేస్తాడు, రేటు అక్కడే తెగుతుంది. లాభం మీద 12.5 శాతం టాక్స్ ఎలాగూ ఉంది (2024 జూలై 23కి ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి చూపించి, 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు). పైగా కొత్త ఇన్‌కమ్ టాక్స్ రిజీములో 12 లక్షల దాకా టాక్స్ లేదంటున్నారే, ఆ రిబేటు ఈ లాభానికి వర్తించదు, చాలామంది అక్కడే బోల్తా పడుతున్నారు.

ఇక ఆవిడగారి మాట. చుట్టాలింట్లో ఉంటే హోటల్ అద్దె మిగులుతుంది, అంతే. తోడల్లుడింట్లో మూడు వారాలుండి ఒక్కరోజైనా సామాన్లకి మీరు కార్డు తియ్యకపోతే మీకే బాగోదు, పిల్లల చేతిలో ఏదో పెట్టాలి, మేనల్లుడు సెలవు పెట్టి తిప్పితే ఆ పూట భోజనం మీదే. నేను వేసే లెక్క ఇది, మీ ట్రావెల్స్ వాళ్లు చెప్పే రేట్లతో సరిచూసుకోండి: ఇద్దరికీ టికెట్లు 6 లక్షలు, వీసాలు లక్షా పాతిక వేలు, ఇన్సూరెన్సు 2 లక్షలు, ఇళ్లల్లో ఖర్చూ పెట్టుపోతలూ 2 లక్షలు, ఊళ్లు తిరగడానికి లక్షా డెబ్బై అయిదు వేలు, అక్కడికి 13 అయింది, ఇంకో 2 లక్షలు ముట్టుకోకుండా పక్కన, మొత్తం 15. ఈ ఎనిమిది నెలల్లో పెన్షనూ పోస్టాఫీసు వడ్డీ కలిపి అయిదున్నర లక్షల దాకా వస్తుంది, ఇక్కడ ఇంటికి కరెంటు మినిమమ్ బిల్లు, ఇంటి పన్ను, మొక్కలకి నీళ్లు పోసే మనిషికీ తీసేస్తే 5 లక్షలు మిగిలినట్టు. అంటే ఎఫ్‌డీల్లోంచి కావల్సింది 10, కొడుకు ఒక చెయ్యి వేస్తే ఇంకా తక్కువ. 14 లక్షలూ ఒకే రోజు విరగ్గొట్టకండి, ముందు టికెట్లకీ వీసాలకీ సరిపడా చిన్న ఎఫ్‌డీలు తియ్యండి, చివర్లో ఏ లక్షో రెండు లక్షలో తక్కువపడితే ఎఫ్‌డీ మీద లోను తీసుకోవడం దాన్ని విరగ్గొట్టడం కన్నా చాలాసార్లు చవక.

కొడుకు టికెట్లు నేనే వేస్తానంటున్నాడు, తీసుకోవడానికి మనసొప్పట్లేదు అని రాశారు. టికెట్లు మీరే వేసుకోండి, అమెరికా ఇన్సూరెన్సు మాత్రం వాడి చేత కొనిపించండి. మొహమాటం సంగతి వదిలెయ్యండి, ఇందులో పనికొచ్చే కారణం ఉంది. అక్కడి కంపెనీ విజిటర్ పాలసీ తీసుకుంటే అక్కడి హాస్పిటళ్ల నెట్‌వర్క్ ఉంటుంది, బిల్లు నేరుగా వాళ్లూ వాళ్లూ చూసుకునే అవకాశం ఎక్కువ, ఫోనులో క్లెయిము గురించి మాట్లాడేది ఎలాగూ కొడుకే కదా. మీకు షుగరు, ఆవిడకి బీపీ అన్నారు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగి చదవండి. చవగ్గా వచ్చేవి ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలు, హాస్పిటల్‌లో ఒక్కో దానికి ఇంతే ఇస్తామని రాసుకుంటాయి, అమెరికా బిల్లు ముందు అది ఏ మూలకీ రాదు. కాంప్రహెన్సివ్ అని ఉన్నది తీసుకోండి, పరిమితి లక్ష డాలర్లకి తగ్గకుండా. అందులో పాత జబ్బుల గురించి ఎక్యూట్ ఆన్‌సెట్ అనే క్లాజు ఉంటుంది, అంటే ఉన్న షుగరు ఒక్కసారిగా తిరగబడి ఎమర్జెన్సీ అయితే చూస్తారు, మామూలు చెకప్పులకీ నెలనెలా మందులకీ ఇవ్వరు. దానికి వయసు లిమిటు ఎంతో, డబ్బు లిమిటు ఎంతో కొడుకుని పాలసీ తెరిచి చదివి వినిపించమనండి. డిడక్టిబుల్ 250 డాలర్లు అని ఉంటే మొదటి 250 మీ జేబులోంచి, ఆ పైనే వాళ్లు. ఇంకోటి, జ్వరానికీ దగ్గుకీ ఎమర్జెన్సీ రూముకి పరిగెత్తకండి, అర్జెంట్ కేర్ అని వేరే క్లినిక్కులుంటాయి, బిల్లులో తేడా చూస్తే కళ్లు తిరుగుతాయి. మందులు మాత్రం ఇక్కడినుంచే డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్లండి. మీ రైల్వే మెడికల్ కార్డు దేశం దాటితే పనిచెయ్యదు, అది ఉంది కదా అని ధీమా పడొద్దు. మిగతా దేశాలకి మన ఇండియా ట్రావెల్ పాలసీ చాలు, ఎన్నాళ్లకి ఇస్తారో చూడండి, 180 రోజుల దగ్గర ఆపేసేవి చాలా ఉంటాయి.

ఎప్పుడు బయల్దేరాలి అన్నదానికి నా జవాబు నవంబరు ఆఖరి వారం. సిరిమాను అయిపోతుంది, నవంబరు ఒకటో తారీఖు తర్వాత లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చేస్తే పెన్షన్‌కి మళ్లీ ఏడాది దాకా బెంగలేదు. విశాఖ నుంచి సింగపూర్, అక్కడో వారం, డిసెంబరుకి మెల్‌బోర్న్ (వాళ్లకి అప్పుడు వేసవి), మార్చిలో డల్లాస్, జూలై మొదట్లో లండన్, జూలై ఆఖరికి ఇల్లు, మళ్లీ సిరిమానుకి బోలెడు టైముంది. దుబాయ్ జూలైలో మాడిపోతుంది, మేనల్లుడు ఏమీ అనుకోకపోతే నాలుగు రోజులు చాలు, చేతిలో అమెరికా వీసా ఉంటే మన పాస్‌పోర్టు వాళ్లకి అక్కడ దిగాకే 14 రోజుల వీసా ఇస్తారు కూడా. ఈ తారీఖుల్లో నాకు నచ్చింది ఏమిటంటే ట్రిప్పు రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య పడుతుంది. ఆర్నెల్లు దాటితే ఎన్నారై అయిపోతామా, ఎకౌంట్లన్నీ మార్చాలా అని అడిగారు కదా, ఇలా వెళ్తే రెండేళ్లలోనూ 182 రోజుల పైనే ఇండియాలో ఉన్నట్టు లెక్క, టాక్సుకి మీరు మామూలు రెసిడెంటే. టీసీఎస్, అంటే విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే టాక్సు, అదీ అంతే, బయటికి పంపే డబ్బు ఒక్కో పాన్ మీద ఏడాదికి 10 లక్షలు దాటితేనే 20 శాతం పట్టుకుంటారు, ఇద్దరు మనుషులు, రెండు ఏళ్లు, మీరు ఆ దరిదాపులకి కూడా వెళ్లరు. ఒకవేళ పట్టుకున్నా రిటర్న్ వేస్తే తిరిగొచ్చేదే.

కార్డుల దగ్గర చాలామంది తెలీకుండా పోగొట్టుకుంటారు. మామూలు క్రెడిట్ కార్డు బయట గీకితే మూడున్నర శాతం దాకా మార్కప్పు (కరెన్సీ మార్చినందుకు బ్యాంకు వేసే చార్జీ), దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, మూడు లక్షలు గీకితే పన్నెండు వేల పైచిలుకు ఊరికే పోతుంది. మార్కప్పు లేని కార్డో, ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫోరెక్స్ కార్డో తీసుకోండి, ఇద్దరికీ చెరొకటి, ఒకే బ్యాగులో పెట్టకుండా. షాపులో మెషీను రూపాయల్లో కట్టమంటారా డాలర్లలోనా అని అడుగుతుంది, మనవాళ్లు రూపాయి చూసి ముచ్చటపడి అదే నొక్కుతారు, నొక్కితే వాళ్లు వేసిన రేటే రేటు. అక్కడి కరెన్సీయే నొక్కండి. మన సిమ్ము రీఛార్జి ఆపకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి, ఏప్రిల్లో వడ్డీ మీద టీడీఎస్ వద్దని ఇచ్చే ఫారం, జూలై 31లోపు ఐటీ రిటర్నూ డల్లాస్‌లో కూర్చునే చెయ్యాలి మరి.

పట్టుకెళ్లే వాటి గురించి అడగలేదు గానీ చెప్తాను, ఇదీ డబ్బు విషయమే. కూతురికి ఆవకాయ, పలాస జీడిపప్పు అని సర్దుతారు, ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు తినే వస్తువు ఏదున్నా కార్డులో రాసి చూపించాలి, ఊరుకుంటే పడే ఫైనుతో ఇక్కడ ఏడాది సరిపడా ఆవకాయ పెట్టొచ్చు. మగవాళ్లకి పొందూరు ఖద్దరు పట్టుకెళ్లండి, బరువు లేదు, ఎవరూ ఆపరు.

స్థలానికి ఇప్పుడొక ఈసీ (దాని మీద ఏ రిజిస్ట్రేషన్లు జరిగాయో చూపించే సర్టిఫికెట్టు) తీసి దాచుకోండి, వెళ్లాక రెండు నెలలకోసారి కొడుకు చేత ఆన్‌లైన్‌లో మళ్లీ తీయించండి. చూసుకోవడానికి అని బావమరిదికి జీపీఏ (మీ బదులు సంతకాలు పెట్టే అధికారం) రాసిస్తానన్నారు, దయచేసి వద్దు, ఆయన ఎంత మంచివారైనా. కంచె చూడ్డానికి జీపీఏ ఎందుకండీ, ఫోన్ కెమెరా చాలు.

ఇవన్నీ అయ్యేలోపు మొదలు పెట్టాల్సింది అమెరికా వీసా. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ డేటు ఎప్పుడు దొరుకుతుందో దాన్నిబట్టే మిగతా అంతా, మనిషికి 185 డాలర్ల ఫీజు, రిజెక్టయినా తిరిగివ్వరు. పెన్షన్ ఆర్డరు, పోస్టాఫీసు పాస్‌బుక్కు, స్థలం కాగితాలు దగ్గరుంచుకోండి, వెనక్కి వస్తారని చెప్పేవి అవే, వాటిని అమ్మేసి వెళ్తే ఏం చూపిస్తారు? ఆ వీసా పాస్‌పోర్టు మీద పడేదాకా ఆస్ట్రేలియా టికెట్టు ఎంత ఆఫర్లో ఉన్నా కొనకండి.